గంగమ్మ పుంజుతో నమూనా పాఠం

పాఠం చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చిన అయ్యవార్లను మీరు చూసే ఉంటారు. పిల్లలకు లెక్క ఇచ్చి తామే కునుకు తీసిన వాళ్లనూ చూసి ఉంటారు. పాఠం మొదలు కాకముందే ఒక ప్రాణం తీసిన అయ్యవారిని మాత్రం చూసి ఉండరు. చూడాలని ఉంటే ఇటు తిరగండి, అది నేనే. ఆ పాఠం పేరు కూడా చెబుతాను: ‘ప్రాణం ఉన్నవి, ప్రాణం లేనివి’. మూడో తరగతి, పరిసరాల విజ్ఞానం.

నవ్వుకోవడానికే చెబుతున్నాను. మధ్యలో కొంతసేపు మీకు నవ్వు రాకపోతే తప్పు మీది కాదు. అక్కడ నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

మాది చిత్తూరు టౌను. పూతలపట్టు దగ్గర ఒక పల్లె బడిలో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఇద్దరు టీచర్ల బడి. ఒకరు హెడ్ మాస్టరుగారు గ్రేస్ మేడమ్, రెండోవాణ్ణి నేను. ట్రైనింగ్ కాలేజీలో పాఠ్య ప్రణాళిక రాయడంలో నాకు బహుమతి వచ్చింది. ఆ బహుమతి నా తలకెక్కి కూర్చుంది. నేను రాసే ప్రణాళికలో ఏ నిమిషానికి ఏ ప్రశ్న అడగాలో ఉంటుంది, దానికి పిల్లలు ఏ జవాబు చెబుతారో ఉంటుంది, ఆ జవాబుకు నేను ‘భేష్’ అనాలో ‘చాలా బాగుంది’ అనాలో అదీ ఉంటుంది. పిల్లలు నవ్వాల్సిన చోటు కూడా రాసి పెట్టేవాణ్ణి. పాపం, వాళ్లకు ఆ సంగతి తెలియక వేరే చోట్ల నవ్వేవాళ్లు.

గ్రేస్ మేడమ్ ఒకసారి నా ప్రణాళిక చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“మురళీ, పిల్లోడు తప్పు జవాబు చెప్తే ఏం చేయాలో ఇందులో లేదే?”

“చెప్పరు మేడమ్. ప్రశ్న అట్లా తయారు చేసినా.”

“ఓహో,” అన్నారావిడ. ఇరవై ఏళ్లకు పైగా పిల్లల మధ్య గడిపిన మనిషి. ఆ ఓహోలో ఎంత అర్థముందో ఆ వయసులో నాకు తెలియలేదు.

ఆ వేసవిలో, ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, మండలంలోని టీచర్లందరి ముందు నమూనా పాఠం చెప్పే అవకాశం నాకు దక్కింది. చూడటానికి పై అధికారి వస్తారు. నేను ఊరుకుంటానా? బొమ్మలు చూపించి ప్రాణం గురించి చెప్పడం పాత పద్ధతి, ప్రాణమున్న జీవినే బల్ల మీద పెట్టి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు అనుకున్నాను. ఆ రెండో ముక్క మాత్రం నిజమే అయింది.

జీవి కోసం వెతుక్కునే పని కూడా లేకపోయింది. బడి ఆవరణలోనే ఎర్రటి పుంజు ఒకటి రాజాలాగా తిరుగుతుండేది. దాని కాలికి పసుపు దారం కట్టి ఉండేది. అది మునెమ్మది.

మునెమ్మ మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. ఆమె మనవరాలు భాను మూడో తరగతి, నా క్లాసే. మొదటి బెంచీలో కూర్చుని, నేను అడగని ప్రశ్నలకు కూడా జవాబు చెప్పే పిల్ల. అప్పటికి వారం రోజులుగా ఆ పిల్ల తిరుపతిలో పెద్దాసుపత్రిలో ఉంది. డెంగీ అన్నారు. వాళ్ల నాన్న లారీ మీద ఎక్కడో ఉత్తరాదిన ఉన్నాడు. రేణిగుంటలో ఫ్యాక్టరీ పనికి పోయే వాళ్లమ్మ పని మానుకుని బిడ్డ పక్కనే కూర్చుంది. మునెమ్మ మాత్రం పొద్దున వచ్చి వంట చేసి, గిన్నెలు కడిగి, బస్సెక్కి తిరుపతికి పోయేది. ‘బిడ్డ లేచి ఇంటికొస్తే జాతరనాడు ఈ పుంజును నీకిచ్చుకుంటా తల్లీ’ అని ఊరి గంగమ్మకు మొక్కుకుని, దాని కాలికి దారం కట్టింది. ఇంట్లో చూసే దిక్కు లేక బడికి తెచ్చి వదిలింది. పిల్లలు ఎవరికి వాళ్లే దానికి అన్నం మెతుకులు వేసేవాళ్లు. ఒక్కడూ రాయి విసరలేదు. వాళ్లకు తెలుసు అది ఎవరి కోసమో.

నాకూ తెలుసు. తెలియక చేశాను అని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

“మునెమ్మను అడిగినావా?” అన్నారు గ్రేస్ మేడమ్.

“అడుగుతా మేడమ్,” అన్నాను. అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. నేనేమైనా కోసుకు తింటానా, పాఠం సేపు బుట్ట కింద కూర్చోబెట్టి వదిలేస్తాను, గంగమ్మ సొత్తుకు కాస్త చదువు కూడా అబ్బుతుంది అనుకున్నాను. అప్పుడు నాకు అది చాలా తెలివైన మాటలాగా తోచింది.

ప్రణాళిక ఇదీ: బల్ల మీద గుడ్డ కప్పిన బుట్ట. లోపల ఏముందో పిల్లలు ఊహిస్తారు. నేను గుడ్డ తీస్తాను. పుంజు కూస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అధికారి తల ఆడిస్తారు.

అధికారి తొమ్మిదింటికి వస్తారన్నారు. నేను ఎనిమిదిన్నరకే పుంజును పట్టి, కాళ్లు కట్టి, బుట్ట కింద పెట్టాను. వెలుతురు తగిలితే ముందే కూస్తుందేమో, పాఠం మొదట్లో పిల్లల్ని ఊరించే నా ‘ప్రేరణ దశ’ పాడైపోతుందేమో అని బుట్ట మీద దుప్పటి మడతేసి బిగించి కట్టాను. రేకుల గది, మన చిత్తూరు ఎండ. మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు. ట్రైనింగ్ కాలేజీలో అధికారి ఆలస్యంగా వస్తే ఏం చేయాలో చెప్పలేదు.

తొమ్మిదైంది. పది అయింది. పక్క ఊళ్ల టీచర్లు బెంచీల్లో ఇరుక్కుని విసనకర్రలు ఊపుకుంటున్నారు. లోపల పుంజు ఒకటి రెండు సార్లు టపటపమంది. ‘ఓపిక పట్టు, వస్తున్నారు’ అని బుట్ట మీద తట్టాను. ఆ తర్వాత అది బుద్ధిగా కూర్చుంది. నా క్రమశిక్షణ కోడి మీద కూడా పనిచేస్తోందని మురిసిపోయాను.

పదకొండున్నరకు అధికారి వచ్చారు. నీళ్లు తాగి, కుర్చీలో కూర్చుని, “కానీయండి,” అన్నారు.

నేను దుప్పటి విప్పాను. బుట్ట ఎత్తాను. పుంజు కూయలేదు. ఒక పక్కకు ఒరిగి, ముక్కు తెరుచుకుని పడి ఉంది.

ఇప్పుడు మీరు నన్ను ఒక్కసారి ఊహించుకోండి. ముందు అధికారి, వెనక మండలంలోని టీచర్లు, బల్ల మీద గంగమ్మ పుంజు శవం. బుద్ధి ఉన్నవాడైతే పాఠం ఆపేస్తాడు. నాకు ఉన్నది బుద్ధి కాదు, పాఠ్య ప్రణాళిక. నోరు దానంతటదే మొదలుపెట్టింది.

“పిల్లలూ, ఇది ఏమిటి?”

“కోడి సార్,” అన్నారు పిల్లలు, చాలా చిన్న గొంతుతో.

“దీనికి ప్రాణం ఉందా?”

చివరికి శ్రీను అనేవాడు లేచాడు. “పొద్దున ఉండె సార్.”

తర్వాతి ప్రశ్న ‘ఎలా చెప్పగలవు?’ అని ఉంది. నా మాట నమ్మండి, అది కూడా అడిగాను.

“కదల్లేదు సార్. కళ్లు తేలేసింది.”

“భేష్,” అన్నాను. అక్కడ భేష్ అనాలని రాసుకున్నాను మరి.

అధికారి ముందుకు వంగారు. వెనక టీచర్లలో ఎవరో దగ్గినట్టు నటించి నవ్వు ఆపుకున్నారు. మొదటి బెంచీలో భాను పక్కన కూర్చునే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

“సార్, అది భాను వాళ్ల అవ్వ మొక్కుకున్న కోడి సార్. ఇప్పుడు భాను కూడా సచ్చిపోతాదా సార్?”

ఆ ప్రశ్న నా ప్రణాళికలో లేదు. దానికి జవాబూ లేదు.

అధికారి మాత్రం లేచి నా భుజం తట్టారు. “ప్రాణం లేనిదానికీ, ప్రాణం పోయినదానికీ తేడా ఇంత బలంగా చూపించిన పాఠం నేను ఎక్కడా చూడలేదు. పిల్లల మనసును కూడా పాఠానికి ముడిపెట్టినారు. ఇట్లా ప్లాన్ చేసుకోవాలంటే ధైర్యం కావాల. ఇదే పాఠం మండలమంతా చెప్పించాల.”

“మండలంలో కోళ్లు చాలవు సార్,” అన్నారు గ్రేస్ మేడమ్. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

అప్పటికే మునెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె, గరిటెకు పప్పు. పిల్లలు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె వచ్చి పుంజును చూసింది, నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆమె నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏం సేసినావు సారూ,” అంది. అంతే.

“ఇంకో పుంజును తెచ్చిస్తా మునెమ్మా. దీనికంటే పెద్దది తెస్తా. ఇప్పుడే పోతా.”

“అమ్మకు ఈ పుంజును సూపించి అడిగినా నాయనా. ఇంకోదాన్ని కాదు. నా బిడ్డ ఆడ మంచం మీద ఉండాది. నువ్వు ఈడ దీన్ని సంపినావు.”

నేను సైన్సు చదువుకున్నవాణ్ణి. కోడికీ ప్లేట్‌లెట్లకూ సంబంధం లేదని వంద మంది ముందు చెప్పగలను. ఆ ఒక్క మనిషి ముందు చెప్పలేకపోయాను. ఇంతలో ఆమె కొంగున ముడేసుకున్న ఫోను మోగింది. భాను వాళ్లమ్మ. బిడ్డకు చిగుళ్ల నుంచి రక్తం వస్తోందంట, అమ్మా తొందరగా రా అంటోంది. ఫోనులోని ఏడుపు గది మొత్తానికీ వినిపించింది. శాస్త్రం అంతా ఒక పక్క ఉండనీ, ఆ నిమిషంలో నేనూ ఆ పుంజు వైపే చూశాను.

బండి తీశాను. మునెమ్మ పుంజును గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని వెనక ఎక్కింది. మొక్కుకున్న దాన్ని పారేయకూడదు కదా. వీపు వెనక ఒక ముసలమ్మ, ఆమె ఒళ్లో చచ్చిన కోడి, మండే రోడ్డు. నా జీవితంలో అంత పొడుగు ప్రయాణం ఇంకోటి చేయలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు.

“సంచిలో ఏముండాది?”

“కోడి,” అన్నాను.

“వండిందా?”

“లేదన్నా.”

“ప్రాణంతో ఉండాదా?”

ఆ రోజు ఆ ప్రశ్నను నేను రెండోసారి ఎదుర్కొన్నాను. ఈసారి భేష్ అనలేదు. “లేదు,” అన్నాను.

“వండింది కాదు, ప్రాణంతో లేదు. మరి యాందుకప్పా ఆసుపత్రికి తెస్తిరి? పోస్టుమార్టానికా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మునెమ్మ సంచిని గుండెకు హత్తుకుని గోడవారగా నిలబడింది. ఆయన ఆమె మొహం చూసి నవ్వు ఆపేసి, “సంచి ఈడ పెట్టి పోమ్మా, నేను సూసుకుంటా,” అన్నాడు.

భానును చూశాను. చెక్కిళ్లు పీక్కుపోయి, పెదవుల దగ్గర రక్తం ఎండి, చేతికి సూది. కళ్లు తెరిచి నన్ను చూసింది గానీ ఏమీ అనలేదు. నేను అడగని ప్రశ్నలకు కూడా జవాబు చెప్పే పిల్ల. ఇంకో రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు డాక్టరు. రక్తం ఇచ్చేవాళ్లు కావాలన్నారు. నేను చొక్కా చేతులు మడిచి పరుగెత్తాను. నా తప్పు ఇలా కడుక్కోవచ్చని పెద్ద ఆశ. వాళ్లు నా వేలు గుచ్చి చూసి, “మీకే చాలదు సార్, ఆకుకూరలు తినండి,” అని పంపేశారు. భాను వాళ్లమ్మతో పనిచేసే ఆడవాళ్లు షిఫ్టు దిగి, ఆ యూనిఫారాల్లోనే వచ్చి ఇచ్చారు. నేను వాళ్లకు పండ్ల రసం ప్యాకెట్లు అందించాను. నా ఉపయోగం అంతవరకే.

సాయంత్రం మునెమ్మ నన్ను బయటికి పిలిచింది. ఆసుపత్రి వెనక ఖాళీ జాగాలో గుంత తవ్వమంది. తవ్వాను. పుంజు కాలి దారం విప్పి, దాన్ని గుంతలో పెట్టి మన్ను కప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

“చెయ్యి సాపు సారూ.”

“ఎందుకు మునెమ్మా?”

“అమ్మకు సూపించిన పానం పోయె. ఉత్త చేతులతో ఎట్ల అడిగేది? నువ్వు పోగొట్టినావు, నువ్వే నిలబడు.”

“నిలబడటమంటే?”

“పుంజు నిలబడినట్టు.”

నా మణికట్టుకు ఆ దారం కట్టేసింది. ఆమె వేళాకోళం చేయడం లేదు. ఆ కళ్లలో వేళాకోళానికి చోటు లేదు. నేనూ కాదనలేదు. బీఎస్సీ, బీఈడీ, ప్రణాళికలో బహుమతి, ఇప్పుడు గంగమ్మకు మొక్కుబడి.

మరుసటి రోజు మధ్యాహ్నం పక్క మంచం మీది పిల్లాడు పోయాడు. గూడూరు వైపు వాళ్లు. అదే జ్వరం. వాళ్లమ్మ వాడి దిండు కింద నిమ్మకాయ పెట్టి, దాన్ని గంటకోసారి తడిమి చూసుకునేది. వాణ్ణి తీసుకుపోయాక ఆ నిమ్మకాయ మంచం మీద మిగిలింది. నర్సు దాన్ని తీసి ఏం చేయాలో తెలియక కిటికీలో పెట్టింది. ఆ తల్లి ఏ దేవుడికి ఏం మొక్కుకుందో ఎవరూ అడగలేదు. ఆమె ఏ పొరపాటూ చేసి ఉండదు, ఆమె పుంజును ఏ అయ్యవారూ చంపి ఉండడు. అయినా పోయాడు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. భయం వేసి ఏడ్చాను. తర్వాతి మంచం భానుది.

ఇంకో రోజు గడిచింది. ఆ మర్నాడు పొద్దున డాక్టరు రిపోర్టు చూసి, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయి, ఇంక భయం లేదు అన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. బిడ్డ లేచింది. అంటే ఇప్పుడు మొక్కు తీర్చాలి.

“మునెమ్మా, ఇంక ఈ దారం...”

“జాతరదాకా ఉండనీ సారూ.”

ఉండనిచ్చాను. నెల రోజులు ఆ దారంతోనే పాఠాలు చెప్పాను. చేయి ఎత్తి బోర్డు మీద రాస్తే పిల్లలు దారం వైపే చూసేవాళ్లు. నేను పొలమారి దగ్గినా శ్రీను పరుగెత్తి నీళ్లు తెచ్చేవాడు. కోడికి ఎవరూ నీళ్లు పెట్టలేదని వాడి బాధ. ఎవరూ అంటే నేనే.

మే నెలలో ఊరి జాతర వచ్చింది. గుడి ముందు మేకలు, పుంజులు వరసగా ఉన్నాయి. మునెమ్మ నన్ను చేయి పట్టుకుని తెచ్చి ఆ వరసలో నిలబెట్టింది. మా అమ్మకు ఈ సంగతి చెప్పలేదు, ఊరి పెద్దలకు సన్మానం ఉందని చెప్పి వచ్చాను. గ్రేస్ మేడమ్ జాతరకు రారు గానీ ఆ రోజు వచ్చి దూరంగా గొడుగు వేసుకుని నిలబడ్డారు. భాను కూడా ఉంది. చిక్కి సగమై, వాళ్లమ్మ నడుం పట్టుకుని, నన్నే చూస్తూ.

“మొక్కు పుంజు యాడమ్మా?” అన్నాడు పూజారి.

“ఈయప్పే,” అంది మునెమ్మ.

పూజారి నన్ను కిందినుంచి పైకి చూశాడు. మునెమ్మ సంగతంతా చెప్పింది. ఆయన తల గోక్కుని, “సరే, అమ్మనే అడుగుదాం,” అన్నాడు.

ఆ అడగడం ఎట్లాగంటే, జీవి తల మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే అమ్మకు వద్దన్నట్టు. నా పక్క మేక మీద చల్లగానే అది తోకదాకా విదిలించింది. జనం ఈలలు వేశారు. మేకను అటు తీసుకుపోయారు. ఎటు అని నేను అడగలేదు.

నా తల మీద చెంబుడు నీళ్లు పడ్డాయి. చల్లగా మెడ మీద నుంచి వీపులోకి పాకాయి. ముక్కు చివర ఒక చుక్క వేలాడుతూ చక్కిలిగిలి పెట్టింది. పళ్లు బిగబట్టి, గోళ్లు అరచేతుల్లో గుచ్చుకుని, రాతిబొమ్మలా నిలబడ్డాను. పూజారి మళ్లీ చల్లాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. నేను కదల్లేదు. అప్పుడే, ఎందుకైనా మంచిదని నేను ముందే మునెమ్మకు కొనిచ్చిన ఇంకో పుంజును తెచ్చి నా పక్కన పెట్టారు. మొదటి చుక్క పడీపడగానే అది రెక్కల నుంచి గోళ్లదాకా విదిలించింది. జనం గోలగోల చేశారు.

మునెమ్మ దేవతకు దండం పెట్టుకుని నా వైపు తిరిగి, దారం తెంపింది. ఆ పిల్ల జ్వరం పడ్డాక ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

“అమ్మకు వద్దంట ఈ సారు,” అంది గ్రేస్ మేడమ్‌కు వినబడేలా. “ఆమె మాత్రం ఏం సేసుకుంటాదిలే. బడికే పెట్టుకోండి మేడమ్.”

“ఏం చేస్తాం, పెట్టుకుంటాం,” అన్నారు గ్రేస్ మేడమ్.

కాబట్టి ఇందుమూలంగా సమస్త టీచర్లకు, పై అధికారులకు, ఈ మండలంలోని కోళ్లకు తెలియజేసుకుంటూ గంగమ్మ ముందు తడిబట్టలతో నేను చేసిన ప్రతిజ్ఞ ఏమనగా: ఇకమీదట ప్రాణమున్న దేన్నీ నేను బుట్ట కింద పెట్టను, బల్ల మీదికి ఎక్కించను. పిల్లలు ఏడ్చి అడిగే ప్రశ్నకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి పక్కన కూర్చుంటాను. ఈ మాట తప్పితే అమ్మ నన్ను నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఆమె తీసుకోదని తెలుసు కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.